చెవులు చూసి గుర్రాన్ని కొనకండి

ప్రశ్న: డాక్టరుగారూ, మాది పలమనేరు. పెళ్ళి ఊరేగింపులకు గుర్రాలు తిప్పే ఒకాయన తన గుర్రాన్ని అమ్ముతానంటున్నాడు. దాని చెవుల కొనలు రెండూ నడినెత్తిన కలుసుకుంటాయి. 'అసలైన మార్వారీ, చేతక్ వంశం, మెడ మీద మంచి సుడి ఉంది' అంటున్నాడు. డిగ్రీ చదివే మావాడు సవారీ నేర్చుకుంటానని ఒకటే గొడవ. కొనొచ్చా?
– ఒక తండ్రి, పలమనేరు

జవాబు: చేతక్ సంగతి ముందు తేల్చేద్దాం. హల్దీఘాటీ యుద్ధం జరిగింది 1576లో. అందులో రాణా ప్రతాప్‌ను మోసిన ఆ గుర్రం రాజస్థాన్ జాతి మార్వారీ అని కొందరు, గుజరాత్ జాతి కాఠియావాడీ అని కొందరు ఇప్పటికీ వాదించుకుంటున్నారు. పలమనేరులో ఉన్నదాని తాతముత్తాతల లెక్క ఎవరి దగ్గరుంటుంది? ఆ మాటకు రూపాయి కూడా ఎక్కువ ఇవ్వకండి.

చెవులు మాత్రం మార్వారీ గుర్తే. అటూ ఇటూ తిరుగుతూ ఏ మూల చప్పుడైనా పట్టేస్తాయి. అయితే గుజరాత్ కాఠియావాడీకీ అలాంటి చెవులే, సంకర గుర్రాలకూ వస్తాయి. జోధ్‌పూర్ నేలిన రాఠోడ్‌లు యుద్ధాల కోసం పెంచిన జాతి మార్వారీ. బ్రిటిష్ వాళ్ళ చూపు థరోబ్రెడ్ అనే రేసు గుర్రాల మీద, పోలో గుర్రాల మీద ఉండేది, వీటిని పట్టించుకోలేదు. 1930ల నాటికి మార్వారీలు బాగా తగ్గిపోతే జోధ్‌పూర్ మహారాజా ఉమేద్ సింగ్ మంచి మగ గుర్రాలను ఏరి సంతతి పెంచారు. స్వాతంత్ర్యం వచ్చి జాగీర్లు పోయాక మేపేవాళ్ళు లేక మళ్ళీ తగ్గాయి.

ఇక సుడి. మెడ మీది సుడిని రాజస్థాన్‌లో 'దేవ్‌మన్' అంటారు, మనవాళ్ళు ఎద్దుకు సుడి చూసినట్టే. దాంతో ధర పెరుగుతుంది గానీ కడుపునొప్పి ఆగదు.

మీ అబ్బాయికి పనికొచ్చేది 'రేవాల్' అనే కుదుపులేని నడక. చాలా మార్వారీలకు అది పుట్టుకతోనే వస్తుంది, పైనున్నవాడు ఎగిరెగిరి పడడు. ఆ గుర్రం వేసే చిందులు కాదు, ఖాళీ మైదానంలో నడిపించి ఆ నడక చూడండి. బ్యాండుకూ టపాసులకూ బెదరకపోవడం మంచిదే, కానీ ఊరేగింపు గుర్రానికి సవారీ సంకేతాలు నేర్పడం తక్కువ. నోరు తెరిపించండి. ముళ్ళ కళ్ళెం వాడటం చట్టవిరుద్ధం, అయినా వాడేవాళ్ళున్నారు. పెదవుల మూలల్లో పుండ్లు, మచ్చలు కనిపిస్తే అక్కడితో బేరం వదిలేయండి. మార్వారీ గిట్టలు గట్టివని పేరు. కానీ ఇది తారురోడ్డు మీద బతికింది, నాలుగు కాళ్ళూ ఎత్తి చూడాల్సిందే. మీకు చేతకాకపోతే తిరుపతి వెటర్నరీ కాలేజీ ఆసుపత్రిలో చూపించండి.

అన్నిటికన్నా ముందు గ్లాండర్స్ అనే అంటుజబ్బుకు రక్తపరీక్ష. ఆ జబ్బు మనుషులకూ సోకుతుంది. ఉందని తేలితే గుర్రానికి వైద్యం ఉండదు, చంపేయాల్సిందే. మీ ఊరి పశువుల డాక్టరుకు చెబితే శాంపిల్ తీసి పంపుతారు. రిపోర్టు చేతికొచ్చేదాకా అడ్వాన్సు ఇవ్వకండి. అమ్మేవాడు తొందరపెడితే ఇంకొన్నాళ్ళు ఆగండి.