కలిపే ముందు చేతులు చూడు

నల్లగొండ

తమ్ముడికి ఆశీస్సులు.

నువ్వు పంపిన వ్యాసం అందింది. పాలమూరులో కూర్చొని, జోడీలుగా ఆడే బాల్‌రూమ్ డాన్స్ పోటీల మీద రాయాలనుకోవడమే నాకు నచ్చింది. "మనకెందుకివన్నీ" అని దోస్తులు అన్నారట, పట్టించుకోకు. చూసే ఓపిక ఉన్నోడు దేని మీదైనా రాయొచ్చు. అయితే నీ వ్యాసంలో చూసింది తక్కువ, మెచ్చుకున్నది ఎక్కువ. వాల్ట్జ్ "హంసలా తేలిపోతుంది", రుంబా "ప్రేమను ఒలకబోస్తుంది", టాంగో "నిప్పులా రగులుతుంది" అన్నావు. వీటిని అటుదిటు మార్చి పెట్టినా నీ పేరా చెక్కుచెదరదు. అంటే ఏ డాన్స్ గురించీ ఏమీ చెప్పలేదన్నమాట.

పోల్చాలంటే మోకాలు చూడు, మడమ చూడు. వాల్ట్జ్‌ తాళానికి ఒకటి, రెండు, మూడు అని మూడు లెక్కలు. ముందుకు వేసే మొదటి అడుగు మడమ మీద పడుతుంది. ఆ లెక్క చివర్లో ఒళ్లు లేవడం మొదలై మునివేళ్ల మీదికి చేరుతుంది, మూడో లెక్క చివర మళ్లీ దిగుతుంది. టాంగోలో ఈ లేవడం దిగడం లేనే లేవు. మోకాళ్లు కాస్త వంచే ఉంచి, పాదాన్ని ఎత్తి పెడతారు. ఇంతవరకు రాస్తే చాలు, నిప్పు సంగతి పాఠకుడే చూసుకుంటాడు. స్లో ఫాక్స్‌ట్రాట్‌ని పేరు చెప్పి వదిలేశావు గానీ, వాల్ట్జ్ పక్కన పెట్టి చూడాల్సింది దాన్నే. వాల్ట్జ్‌లో మూడో లెక్కకు చాలాసార్లు పాదాలు దగ్గరికి చేరతాయి. ఫాక్స్‌ట్రాట్‌లో ఒక పాదం ఇంకోదాన్ని దాటుకుంటూ పోతూనే ఉంటుంది, ఆగే చోటు దొరకదు. చూసేవాళ్లకు అది తేలిక, చేసేవాళ్లకు చెమట.

రుంబా దగ్గర ఇంకొంచెం నిలబడాలి నువ్వు. "నడుము ఊపడమే రుంబా" అన్నావు. అక్కడ నడుమును పనిగట్టుకుని ఎవరూ ఊపరు. పోటీల్లో రుంబాకు రెండు పద్ధతులున్నాయి. ఇంటర్నేషనల్ లాటిన్ పద్ధతిలో చాపిన కాలి మీదికి బరువు మారుతుంది, ఆ బరువు కుదురుకునేటప్పుడు నడుము పక్కకు జరుగుతుంది. అమెరికన్ రిథమ్ పద్ధతిలో వంచిన మోకాలితో అడుగు వేసి, ఆ తర్వాత కాలు చాపుతారు. పైపైన చూస్తే రెండూ ఒకటే అనిపిస్తాయి. ఏదైనా వీడియో మెల్లగా నడిపించి మోకాలి మీదే కన్ను పెట్టు.

రెండు తప్పులు దిద్దుకో. స్టాండర్డ్ డాన్సులు (వాల్ట్జ్, టాంగో, ఫాక్స్‌ట్రాట్ లాంటివి) ఫ్లోరంతా తిరుగుతాయి, లాటిన్‌వి (రుంబా లాంటివి) ఉన్నచోటే ఉంటాయి అన్నావు. లాటిన్‌లోనే ఉన్న సాంబా, పాసో డోబ్లే కూడా ఫ్లోర్ చుట్టూ తిరిగేవే. వియన్నీస్ వాల్ట్జ్‌ని "వాల్ట్జ్‌లో స్పీడ్ రకం" అని తేల్చేశావు. వాల్ట్జ్‌లో నిమిషానికి 90 లోపు లెక్కలు పడితే వియన్నీస్‌లో 180 దాకా పడతాయి. ఆ వేగంలో లేచి దిగడానికి టైమ్ ఎక్కడిది? అందుకే దాదాపు అంతా గిరగిరా తిరగడమే. క్విక్‌స్టెప్, జైవ్ గురించి రాసింది బాగానే ఉంది, ముట్టుకోకు.

ఇక కలపడం. వాల్ట్జ్‌నీ కోలాటాన్నీ కలిపితే ఎట్లుంటుందని ఊహించావు. ఊహ మంచిదే. కానీ ఎట్లా కలుస్తాయో చెప్పకుండా "తూర్పు పడమరల సంగమం" అనేసి చేతులు దులుపుకున్నావు. (ఈ సంగమాన్ని మన పత్రికలు కొన్నేళ్లు వాడకుండా ఉంటే ఎంత బాగుండు!)

ముందు చేతులు చూడు. కోలాటంలో రెండు చేతుల్లోనూ కోలలుంటాయి. స్టాండర్డ్ వాల్ట్జ్‌లో ఏ చేయీ ఖాళీ ఉండదు. అతని ఎడమచేతిలో ఆమె కుడిచేయి, అతని కుడిచేయి ఆమె వీపు మీద, ఆమె ఎడమచేయి అతని జబ్బ మీద. పోటీలో డాన్స్ అయ్యేదాకా ఆ పట్టు వదలరు. మగవాళ్ల తోకకోటు కూడా చేతులెత్తి ఉంచినప్పుడు భుజాల దగ్గర సాఫీగా కూర్చునేలా కుడతారు. మరి కోలలు ఎవరు పట్టాలి?

అమెరికన్ స్మూత్ అనే ఇంకో పోటీ పద్ధతిలో అయితే వీలుంది. వాల్ట్జ్, టాంగో, ఫాక్స్‌ట్రాట్, వియన్నీస్ వాల్ట్జ్, ఈ నాలుగింటిలోనూ జోడీ చేతులు వదిలి విడిపోవచ్చు, మళ్లీ కలవొచ్చు. కోల అక్కడ పట్టుకోవచ్చు. కానీ ఇంకో చిక్కుంది. కోలాటంలో లోపలి వరుస ఒక దిక్కు, బయటి వరుస ఇంకో దిక్కు తిరుగుతుంటే ఎదుటి మనిషి మారుతూ ఉంటాడు. బాల్‌రూమ్ పోటీలో మార్కులు పడేది ఒకే జోడీకి. నన్నడిగితే జోడీనే వదులుకోవాలి. మనిషి మారడం తీసేస్తే కోలాటంలో మిగిలేది కర్రల చప్పుడే. పోటీల్లో ఫార్మేషన్ అని ఒకటుంది, చాలా జోడీలు ఒకేసారి దిగి వరుసలు, వలయాలు కడతాయి. నీ ఊహకు దగ్గరి చుట్టం అదే, దాని ఊసే ఎత్తలేదు నువ్వు.

కలిపితే "స్వచ్ఛత" పోతుందేమోనని కూడా భయపడ్డావు. 1920లో బ్లాక్‌పూల్‌లో మొదలైన పోటీలు ఇప్పటికీ జరుగుతున్నాయి, ఇంగ్లండ్‌లో అది పెద్ద వేదిక. అక్కడ లాటిన్ పేరు కింద ఆడే ఐదింటిలో జైవ్ అమెరికాది, పాసో డోబ్లే స్పెయిన్ ఎద్దుల పోరును అనుకరించేది. ఇంత కలగాపులగంలో ఏ స్వచ్ఛత కోసం టెన్షన్ పడుతున్నావు?

నీ వ్యాసంలో నాకు బాగా నచ్చింది ఫంక్షన్ హాల్ పేరా. సంగీత్‌లో వాల్ట్జ్ వేస్తూ, పెళ్లికూతురు లెహంగా కాళ్లకు అడ్డం పడుతుంటే ఎడమచేత్తో ఎత్తి పట్టుకుందని రాశావు చూడు, అదీ చూడటమంటే. ఆ చేయి అతని జబ్బ మీద ఉండాల్సింది. లెహంగా కోసం అది పట్టు వదిలిందంటే, వాళ్లకు తెలియకుండానే స్టాండర్డ్‌లోంచి బయటికొచ్చేశారు. అప్పుడు పెళ్లికొడుకు ఏం చేశాడు? ఆమె వీపు మీది చేయి తీశాడా, అడుగు చిన్నది చేశాడా? అది మాత్రం రాయలేదు. మొదటి రెండు పేరాలు కొట్టేసి ఇక్కణ్నుంచి మొదలుపెట్టు. గుర్తు లేకపోతే పెళ్లి వీడియో తెప్పించుకుని చూడు. కోలాటం భాగం ఆ తర్వాత తిరగరాయి, ముందు ఇది పంపు.

నీ అన్న