రోటాక్స్ 912లో ఆయిల్ తక్కువగా కనిపిస్తే

మీ ఆర్‌వీ-12 చిన్న విమానంలో (దాని ఇంజినే రోటాక్స్ 912) పొద్దున్నే డిప్‌స్టిక్ (ఆయిల్ మట్టం చూసే పుల్ల) తీస్తే ఆయిల్ కింది గీత కంటే తక్కువ చూపిస్తోందన్నారు కదా, టెన్షన్ వద్దు. అప్పుడే ఆయిల్ పోయకండి. ఇది డ్రై సంప్ ఇంజిన్, అంటే ఆయిల్ ఇంజిన్ అడుగున కాకుండా విడిగా ఒక ట్యాంకులో ఉంటుంది. ఆగి ఉన్నప్పుడు ట్యాంకులోని ఆయిల్ కొంత క్రాంక్‌కేసులోకి (ఇంజిన్ కింది పెట్టెలోకి) దిగిపోతుంది.

చక్రాలకు అడ్డుపెట్టి, ఇగ్నిషన్ స్విచ్‌లు రెండూ ఆఫ్ చేసి, ట్యాంకు మూత తీయండి. ప్రొపెల్లర్‌ను అది తిరిగే వైపే చేత్తో నెమ్మదిగా తిప్పండి (స్విచ్ ఆఫ్‌లో ఉన్నా దాన్ని నమ్మొద్దు, ఒళ్లు దూరంగా ఉంచండి). క్రాంక్‌కేసులో పెరిగిన ఒత్తిడి ఆయిల్‌ను ట్యాంకులోకి నెడుతుంది. గుడగుడమని చప్పుడు వచ్చాక డిప్‌స్టిక్ చూడండి. వెనక్కి మాత్రం తిప్పొద్దు, ట్యాపెట్లలోకి (వాల్వులను కదిలించే భాగాల్లోకి) గాలి చేరుతుంది.

రెండు గీతల మధ్య తేడా అర లీటరు కూడా ఉండదు. పోసింది ఎక్కువైతే వెంట్ (గాలి పోయే) గొట్టంలోంచి బయటికి కక్కుతుంది. ప్రొపెల్లర్ తిప్పాక కూడా తక్కువే చూపిస్తే ఆయిల్ పైపుల క్లాంపుల దగ్గర లీకు వెతకండి.