బాబ్ లుడ్విగ్‌కి మాస్టరింగ్‌లో అంత పేరెందుకు?

మిక్సింగ్ అయిపోయిన పాటకి చివరి మెరుగు పెట్టి, ఎల్‌పీ రికార్డుకో సీడీకో తగ్గట్టు తయారుచేసే పనే మాస్టరింగ్. అమెరికాలో ఈ పనితోనే పేరు తెచ్చుకున్నాయన బాబ్ లుడ్విగ్. చదివింది ఈస్ట్‌మన్ సంగీత కళాశాలలో, వాయించేది ట్రంపెట్. నన్నడిగితే ఆయన చెవికి పదును పడింది అక్కడే.

1969లో రాక్ బ్యాండ్ లెడ్ జెప్పెలిన్ రెండో ఆల్బమ్‌ని లుడ్విగ్ బాగా పెద్ద సౌండ్‌తో కట్ చేశారు (అంటే డిస్క్ మీద గాడిగా చెక్కారు). ఎల్‌పీలో బేస్ (లోతైన, మంద్రమైన శబ్దం) ఎంత ఎక్కువుంటే గాడి అంతగా పక్కలకి ఊగుతుంది. ఓ చవక ప్లేయర్‌లో ఆ ఊపుకి ముల్లు ఎగిరిపోయిందట! దాంతో రికార్డు కంపెనీ వాళ్లు సౌండ్ తగ్గించి మళ్లీ కట్ చేయించారు. లేబుల్ పక్క ఖాళీలో 'ఆర్‌ఎల్' (రాబర్ట్ లుడ్విగ్ అన్నమాట) అని గీసి ఉండే ఆ మొదటి కాపీల కోసం కలెక్టర్లు ఇప్పటికీ ఎగబడతారు.

న్యూయార్క్‌లో స్టెర్లింగ్ సౌండ్, మాస్టర్‌డిస్క్‌లలో పనిచేశాక, మెయిన్ రాష్ట్రంలోని పోర్ట్‌లాండ్‌కి వెళ్లి గేట్‌వే మాస్టరింగ్ పెట్టుకున్నారు. అంత చిన్న ఊరైనా పెద్ద పెద్ద బ్యాండ్ల పని అక్కడికే వెతుక్కుంటూ వచ్చింది. పదికి పైగా గ్రామీలు అందుకుని, 2023లో రిటైరయ్యారు.