ఉద్యోగం మానేసి ఎం.కాం. చేయాలా?

ప్రశ్న: నాకు 26 ఏళ్లు. మాది మదనపల్లె. తిరుపతిలో బీకాం చేసి, నాలుగేళ్లుగా బెంగళూరులో ఒక విదేశీ కంపెనీ ఆఫీసులో అకౌంట్స్ పేయబుల్ (కంపెనీకి వచ్చే బిల్లులు చెల్లించే) పని చేస్తున్నాను. జీతం 40,000, చేతికొచ్చేది 38,000. మారతహళ్లిలో పీజీ హాస్టల్‌లో ఉంటాను. అన్నీ కలిపి నెల ఖర్చు 22,000. ఊళ్లో తెలిసినవాళ్ల దగ్గర మూడు లక్షల చీటీకి నెలకు 10,000 కడుతున్నాను. 30 నెలల్లో 14 అయ్యాయి. ఎఫ్‌డీలో 2.2 లక్షలు ఉన్నాయి. పోస్ట్ గ్రాడ్యుయేషన్ లేకపోతే మేనేజర్ కాలేనని ఆఫీసులో అంటున్నారు. ఒక ప్రైవేటు యూనివర్సిటీలో అకౌంటింగ్‌లో ఎం.కాం. సీటు వచ్చింది. రెండేళ్లకు ఫీజు 3.6 లక్షలు. సీటు కోసం 25,000 కట్టాను. ఉద్యోగం మానేయాలి. ఎడ్యుకేషన్ లోన్ తీసుకుంటే పన్ను కూడా తగ్గుతుందని అక్కడి కౌన్సెలర్ చెప్పారు. నాన్న మాత్రం లోన్ వద్దు, చీటీ పాడుకో, చాలకపోతే అమ్మ నగలు కుదువ పెడదాం అంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: మీరు, మీ నాన్నగారు, ఆ కౌన్సెలర్ ముగ్గురూ 3.6 లక్షలు ఎక్కడి నుంచి తేవాలి అన్న దగ్గరే ఆగిపోయారమ్మా. ఈ చదువుకు అసలు ఖర్చు అంతకు మూడు రెట్ల పైనే ఉంది. ముందు అది చూద్దాం.

ఉద్యోగం మానేస్తే రెండేళ్లలో రాకుండా పోయే జీతం 24 నెలలకు 9,12,000 రూపాయలు. ఇంక్రిమెంట్లు నేను కలపలేదు. దానికి ఫీజు కలిపితే 12,72,000. హాస్టల్, తిండి ఖర్చు ఇందులో వేయకూడదు, ఎందుకంటే ఉద్యోగం చేసినా చదివినా అది ఎలాగూ ఉండేదే. కంపెనీ పీఎఫ్‌లో వేసే వాటాను కూడా పక్కన పెట్టాను. ఎం.కాం. అయ్యాక ఇప్పటికన్నా నెలకు 10,000 ఎక్కువ వచ్చే ఉద్యోగం దొరికిందనుకుందాం. ఈ 12.72 లక్షలు తిరిగి రావడానికి 127 నెలలు పడుతుంది, అంటే పదేళ్ల ఏడు నెలలు. ఈ లోపు అక్కడే ఉన్నా మీ జీతం కొంత పెరిగేది కదా, అది కూడా లెక్కేస్తే ఇంకా ఎక్కువ.

ఇంత పెట్టి చదివే వాళ్లు లేరని కాదు. మంచి ఎంబీఏ కాలేజీలో సీటు వచ్చి, జీతం ఒక్కసారిగా రెండింతలయ్యే వీలుంటే లెక్క మారుతుంది. కానీ మామూలు ఎం.కాం. పట్టాకు బెంగళూరు కంపెనీలు అంత విలువ కట్టవు. కటువుగా ఉన్నా నేను చూస్తున్నది అదే.

ఇక లోన్. నాలుగు లక్షల లోపు ఎడ్యుకేషన్ లోన్‌కు బ్యాంకులు సాధారణంగా తాకట్టు అడగవు. చదువు అయ్యాక మరో ఏడాది వరకు ఈఎంఐ కట్టనక్కర్లేదు. ఈ వెసులుబాటు చూసి చాలామంది ఇది చవక అప్పు అనుకుంటారు. ఈఎంఐ లేకపోయినా వడ్డీ మాత్రం నడుస్తూనే ఉంటుంది. 10.5 శాతం వడ్డీకి మొదటి ఏడాది 1.8 లక్షలు, రెండో ఏడాది 1.8 లక్షలు తీసుకున్నారనుకోండి. మీరు మొదటి ఈఎంఐ కట్టే రోజుకు బారువడ్డీ పద్ధతిలోనే 94,500 వడ్డీ చేరి, అప్పు 4,54,500 అవుతుంది. ఏడేళ్లలో తీర్చాలంటే నెలకు 7,660 దాకా పడుతుంది. మొత్తం కట్టేది సుమారు 6.44 లక్షలు.

పన్ను తగ్గుతుందన్న మాటకు వద్దాం. ఎడ్యుకేషన్ లోన్ వడ్డీకి సెక్షన్ 80ఇ కింద మినహాయింపు ఉన్న మాట నిజం. వడ్డీ మొత్తానికి, ఎనిమిదేళ్ల దాకా ఇస్తారు. అయితే అది పాత పన్ను విధానం ఎంచుకున్న వాళ్లకే. అంతకన్నా ముఖ్యమైన సంగతి, మీ జీతం ఏడాదికి 4.8 లక్షలు. పాత విధానంలో స్టాండర్డ్ డిడక్షన్ 50,000 తీసేస్తే 4.3 లక్షలు, ఐదు లక్షల లోపు రిబేటుతో పన్ను సున్నా. కొత్త విధానంలో 2025-26 నుంచి జీతగాళ్లకు 12.75 లక్షల దాకా పన్నే లేదు. కట్టని పన్నులో ఏం తగ్గిస్తారు? రేపు మీ జీతం రెండింతలైనా 80ఇ వల్ల మీకు ఒరిగేది ఉండదు. మీ దగ్గర నెలనెలా పట్టుకుంటున్న కర్ణాటక ప్రొఫెషనల్ ట్యాక్స్, దానికీ దీనికీ సంబంధం లేదు.

మీ నాన్నగారు లోన్ వద్దనడంలో పెద్దరికం ఉంది, కానీ ఆయన చూపించిన దారి లోన్ కన్నా కష్టం. చీటీ ఇప్పుడు పాడుకుంటే ఏమవుతుందో చూడండి. పాట 60,000 తగ్గింపుకు పోయిందనుకుందాం. చేతికి 2.4 లక్షలు వస్తాయి. అప్పటి నుంచి ఇంకా 16 వాయిదాలు, 1.6 లక్షలు కట్టాలి. నెలనెలా పాటలో వచ్చే డివిడెండుతో అది కొంత తగ్గవచ్చు. అయినా ఆ 2.4 లక్షల్లో మీకు నిజంగా మిగిలేది 80,000కు కాస్త అటూ ఇటూ. పైగా వాయిదాలు కట్టాల్సిన ఆ 16 నెలలూ మీకు జీతం ఉండదు! మరి ఎక్కడి నుంచి కడతారు? ఎఫ్‌డీ నుంచి. లేదా మీ నాన్నగారు తన చేతిలోంచో, అప్పు చేసో కడతారు. చీటీ ఎత్తుకున్న వాళ్లను జామీను కూడా అడుగుతారు. ఉద్యోగం ఉన్నప్పుడు జీతం స్లిప్పు చూపిస్తే సరిపోయే చోట, మానేశాక ఇంకొకరిని బతిమాలుకోవాలి.

ఆ చీటీ రిజిస్టరైందా? తెలిసినవాళ్ల దగ్గర అన్నారు కాబట్టి అడుగుతున్నాను. 1982 చిట్ ఫండ్స్ చట్టం ప్రకారం చీటీ నడపాలంటే రిజిస్ట్రార్ దగ్గర నమోదు ఉండాలి, నిర్వాహకుడి కమిషన్ ఏడు శాతానికి మించకూడదు. నమోదు లేని చీటీ ఎగిరిపోతే మీ చేతిలో నోటు పుస్తకం తప్ప ఇంకేమీ ఉండదు. ఇప్పుడు మధ్యలో మానేయమని అనను, 14 వాయిదాలు కట్టేశారు. చివరి దాకా ఉండి తీసుకోండి, ఆ తర్వాత కొత్త చీటీ వేయకండి. మదనపల్లె పరువు మర్యాదల మీద నడిచే చీటీలు చాలావరకు సక్రమంగానే నడుస్తాయని నాకూ తెలుసు. నడవని ఒక్కటి మనది కాకూడదు, అంతే.

అమ్మగారి నగలు మాత్రం ముట్టుకోకండి. రెండేళ్ల పాటు సంపాదన లేని మనిషి చదువు కోసం బంగారం కుదువ పెడితే, గడువు వచ్చేసరికి వడ్డీ కట్టి తిరగరాయించుకోవడమే పని అవుతుంది.

డబ్బు సంగతి అలా ఉంచి, ఆఫీసులో చెప్పిన మాటను ఒకసారి పరీక్షించండి. మీ కంపెనీ లోపలి పోస్టింగులు, అదే మీరు ఐజేపీ అంటారు కదా, గత ఆరు నెలలవి తెరిచి టీమ్ లీడ్, అసిస్టెంట్ మేనేజర్ ఉద్యోగాలకు అర్హతగా ఏం రాశారో చదవండి. బెంగళూరులో ఇలాంటి ఉద్యోగాల ప్రకటనల్లో ఎం.కాం., ఎంబీఏ పక్కన సీఏ ఇంటర్, సీఎంఏ ఇంటర్ (చార్టర్డ్ అకౌంటెన్సీ, కాస్ట్ అకౌంటెన్సీ కోర్సుల్లో మధ్య దశ) అన్న మాటలు తరచుగా కనబడతాయి. ఇంకో సంగతి. అకౌంట్స్ పేయబుల్‌లో ఎంతకాలం ఉన్నా జీతం ఒక చోట ఆగిపోతుంది. ఇన్వాయిస్ ప్రాసెసింగ్ నుంచి మంత్ ఎండ్ క్లోజింగ్ (నెలాఖరు లెక్కలు ముగించడం), జర్నల్ ఎంట్రీలు, రీకన్సిలియేషన్లు ఉండే ఆర్ టు ఆర్ (రికార్డ్ టు రిపోర్ట్) టీమ్‌కు మారితే, అక్కడి నుంచి రిపోర్టింగ్‌కో, బడ్జెట్లు చూసే ఎఫ్‌పీ అండ్ ఏకో దారి ఉంటుంది. ఆ మార్పుకు ఎం.కాం. కన్నా మీ మేనేజర్‌తో అరగంట మాట్లాడటం ఎక్కువ పనిచేయవచ్చు.

పట్టా కూడా కావాలంటే దూరవిద్యలో చేయండి. ఇగ్నోలో ఎం.కాం. ఉంది, జనవరిలోనూ జూలైలోనూ చేరవచ్చు. మొత్తం ఫీజు మీకు చెప్పిన 3.6 లక్షల్లో చిన్న ముక్క. గుర్తింపు ఉన్న దూరవిద్య, ఆన్‌లైన్ డిగ్రీలు రెగ్యులర్ డిగ్రీలతో సమానమని యూజీసీ 2022లోనే చెప్పింది. చేరే ముందు ఆ యూనివర్సిటీకి ఆ కోర్సుకు, ఆ ఏడాదికి అనుమతి ఉందో లేదో యూజీసీ దూరవిద్యా విభాగం జాబితాలో చూడండి. ఇప్పుడు చేరేవాళ్లకు ఆ విభాగం ఇచ్చే డీఈబీ ఐడీ కూడా తప్పనిసరి. ఏ యూనివర్సిటీ పేరు చెప్పి అయినా సరే, అది అక్కర్లేదని ఎవరైనా ఏజెంట్ అంటే అక్కడి నుంచి లేచి వచ్చేయండి.

డబ్బు, సమయం అసలు పెట్టాల్సింది మాత్రం సీఎంఏ మీద అని నా అభిప్రాయం. బీకాం ఉంది కాబట్టి ఫౌండేషన్ లేకుండా నేరుగా ఇంటర్మీడియట్‌లో చేరవచ్చు. ఇంటర్ ఎనిమిది పేపర్లు, ఫైనల్ ఎనిమిది, రెండూ రెండేసి గ్రూపులు. ప్రతి పేపర్లో 40, గ్రూపు మొత్తం మీద 50 శాతం రావాలి. జనవరి 31 లోపు నమోదైతే జూన్ పరీక్షకు, జూలై 31 లోపు అయితే డిసెంబర్ పరీక్షకు కూర్చోవచ్చు. ఉద్యోగం మానాల్సిన పని లేదు. 15 నెలల ప్రాక్టికల్ ట్రైనింగ్ ఉంటుంది. మీరు చేస్తున్న పని అందులోకి వస్తుందేమో ఇన్‌స్టిట్యూట్ బెంగళూరు చాప్టర్‌కు ఉద్యోగ ధ్రువపత్రం తీసుకెళ్లి అడగండి. సీఎంఏ పూర్తయితే పీజీతో సమానమని 2021లో యూజీసీ ఒప్పుకుంది. అంటే రేపు లెక్చరర్ కావాలనిపించి నెట్ రాయాలన్నా అడ్డు లేదు.

ఇది సులువని చెప్పడం లేదు. ఉద్యోగం చేస్తూ రాసేవాళ్లకు మూడు నాలుగేళ్లు పట్టడం మామూలే, మధ్యలో ఒక గ్రూపు తప్పడం కూడా మామూలే. పరీక్షలు జూన్, డిసెంబర్ నెలల రెండో వారం ప్రాంతంలో వస్తాయి. నెల మొదటి వారమంతా మీ ఆఫీసులో క్లోజింగ్ హడావిడి. మే నెలాఖరు నుంచి సెలవు కావాలని ఏప్రిల్‌లోనే చెప్పి పెట్టకపోతే ఇబ్బంది పడతారు. మొదటి సారి ఒక్క గ్రూపే రాయండి. రెండు గ్రూపులూ కలిపి రాస్తే ఒకదాంట్లో ఎక్కువ వచ్చిన మార్కులు ఇంకోదానికి ఆసరా అవుతాయని కోచింగ్ వాళ్లు చెప్తారు. రోజంతా చదువుకునే పిల్లలకు ఆ మాట సరిపోతుంది.

సీఏ గురించి అడగలేదు కానీ అడుగుతారని చెప్తున్నా. బీకాంలో 55 శాతం ఉంటే నేరుగా ఇంటర్‌కు వెళ్లవచ్చు. అయితే రెండేళ్ల ఆర్టికల్‌షిప్ (సీఏ దగ్గర శిక్షణ) ఉంటుంది, అది పూర్తి సమయం పని, స్టైపెండ్ మీ హాస్టల్ ఖర్చుకు కూడా చాలదు. ఎం.కాం.తో పాటు ఏసీసీఏ, యూఎస్ సీఎంఏ అనే విదేశీ అకౌంటింగ్ కోర్సులు కలిపి ఇస్తామనే కాలేజీలు బెంగళూరులో బాగా ఉన్నాయి. మీకు సీటిచ్చిన చోట కూడా ఆ మాట చెప్పి ఉంటే, పరీక్ష ఫీజు ఎవరు కట్టాలో కాగితం మీద అడగండి. అవి పౌండ్లలో, డాలర్లలో ఉంటాయి, కాలేజీ ఫీజులో సాధారణంగా కలవవు.

మీ దగ్గర ఉన్నదాంతో ఇదంతా ఎలా సర్దాలి? ఎఫ్‌డీలోని 2.2 లక్షల్లో ఆరు నెలల ఖర్చు 1,32,000 కదపకండి. మిగిలిన 88,000లో సీఎంఏ నమోదు, ఇగ్నో ఫీజు, పుస్తకాలు, అవసరమైతే ఒకటి రెండు పేపర్లకు ఆన్‌లైన్ కోచింగ్ అన్నీ సర్దుకోవచ్చు. నెలకు మిగిలే 6,000 ఒక రికరింగ్ డిపాజిట్‌లో వేయండి, చీటీ అయిపోయాక ఆ 10,000 కూడా అటే మళ్లించండి. పరీక్ష ఫీజులు వెనక్కి ఇచ్చే పథకం మీ కంపెనీలో ఉందా అని హెచ్‌ఆర్‌ను అడగండి. ఉంటే, ఆ తర్వాత ఎంతకాలం అక్కడే పనిచేయాలని రాశారో చదివాకే సంతకం పెట్టండి. మీతో పాటు అమ్మానాన్నలకు కంపెనీ హెల్త్ ఇన్సూరెన్స్ ఉంటే, ఉద్యోగం మానేస్తే అది కూడా పోయేది. అది ఉన్నా సరే, వాళ్లిద్దరికీ ఈ ఏడాదే విడిగా ఒక పాలసీ చూడండి. 2025 సెప్టెంబర్ 22 నుంచి ఇలాంటి పాలసీల మీద జీఎస్టీ కూడా లేదు.

ఇక మీరు కట్టేసిన ఆ 25,000. అవి పోయినట్టే అనుకుని, పోతాయన్న బాధతో చేరకండి. యూజీసీ 2018లో ఇచ్చిన ఫీజు వాపసు నిబంధనల ప్రకారం, అడ్మిషన్లకు ప్రకటించిన చివరి తేదీకి 15 రోజులో అంతకన్నా ఎక్కువో ముందు రద్దు చేసుకుంటే మొత్తం వెనక్కి ఇవ్వాలి. ప్రాసెసింగ్ కింద కట్టిన ఫీజులో 5 శాతానికి మించకుండా, మహా అయితే 5,000 పట్టుకోవచ్చు. చివరి తేదీకి 15 రోజుల లోపయితే 90 శాతం. తేదీ దాటాక మొదటి 15 రోజుల్లో 80, ఆ తర్వాత 30 రోజుల దాకా 50, ఆపైన ఏమీ రాదు. చివరి తేదీ ఎప్పుడో వాళ్ల నోటిఫికేషన్‌లో ఈ రోజే చూడండి. ఫోన్‌లో చెప్పి ఊరుకోకుండా రసీదు జత చేసి రిజిస్ట్రార్‌కు మెయిల్ పెట్టండి, కాపీ మీ దగ్గర ఉంచుకోండి. కౌన్సెలర్ ఫోన్ చేసి ఇంకో వారం ఆలోచించుకోమంటారు. ఆ వారంలో మీకు రావలసిన శాతం తగ్గిపోవచ్చు.