మంచు రోజుల్లో లైబ్రరీ: మీరు అడిగినవి, నేను చెప్పగలిగినవి

పోయిన నెల అమెరికా పబ్లిక్ లైబ్రరీల గురించి నాలుగు ముక్కలు రాస్తే, చలికాలం మీదే ఇన్ని ప్రశ్నలు వచ్చిపడ్డాయి. నేను పనిచేసేది చికాగో శివార్లలో ఒక చిన్న లైబ్రరీలో, కాబట్టి జవాబుల్లో ఇలినాయ్ వాసన కొంచెం ఎక్కువే ఉంటుంది. ఇక్కడ ప్రతి ఊరి లైబ్రరీకీ దాని బోర్డు దానిది, దాని రూల్స్ దానివి. అందుకని నేను "మామూలుగా" అన్న చోటల్లా మీ ఊళ్లో ఒక ఫోన్ కొట్టి కనుక్కోండి.

ప్రశ్న: గుంటూరు నుంచి నవంబర్‌లో మా అమ్మాయి దగ్గరికి నేపర్‌విల్ వచ్చాం. విజిటర్ వీసా. అమ్మాయి, అల్లుడు ఆఫీసులకు, మనవడు స్కూలుకు వెళ్లిపోతే మేమిద్దరమే ఇంట్లో గోడలు చూస్తూ కూర్చుంటున్నాం. మాకు లైబ్రరీ కార్డు లేదు, ఇంగ్లీషు అంతంతమాత్రం, ఇక్కడ పన్ను కట్టేవాళ్లమూ కాదు. వెళ్లి కూర్చుంటే ఎవరైనా ఏమైనా అంటారా? రేపు వీసాకు ఇబ్బంది రాదు కదా? – ఒక అమ్మమ్మ

జవాబు: ఎవరూ ఏమీ అనరమ్మా, నిశ్చింతగా వెళ్లండి. కార్డు కావలసింది పుస్తకం ఇంటికి తీసుకెళ్లడానికి. లోపల కూర్చోవడానికి, పేపర్ చదువుకోవడానికి, వైఫై వాడుకోవడానికి, చాలా కార్యక్రమాలకు రావడానికి మామూలుగా కార్డు అడగరు. కంప్యూటర్ కావాలంటే గెస్ట్ పాస్ ఇస్తారు. పుస్తకాలు కావాలంటే మీ అమ్మాయి కార్డు మీద తెచ్చుకోండి. వీసా సంగతంటారా, లైబ్రరీకి వెళ్లడం ప్రభుత్వం దగ్గర డబ్బు సాయం తీసుకోవడం కిందికి రాదు. పైగా ఇలినాయ్‌లో లైబ్రరీ రికార్డులు గోప్యంగా ఉంచాలని చట్టమే ఉంది, మీరు ఏ పుస్తకం తీసుకున్నారో మేం మీ అల్లుడుగారికి కూడా చెప్పం.

డిసెంబర్‌లో ఇక్కడ సాయంత్రం నాలుగున్నర కాకముందే పొద్దు గుంకిపోతుంది. ఆ చీకటికి మనసు ఎంత కుంగుతుందో, ఏడాది పొడవునా ఎండ చూసిన మనవాళ్లకు బాగా తెలుస్తుంది. నన్నడిగితే పొద్దున్న పదింటికల్లా తయారై ఎక్కడికో ఒకచోటికి బయల్దేరడమే దానికి మందు. ఏమీ కొనకుండా ఎంతసేపైనా కూర్చోగలిగే చోటు ఈ దేశంలో ఇంకోటి చూపించండి చూద్దాం, మాల్‌లో కూడా చేతిలో కాఫీ కప్పు లేకపోతే మొహమాటంగా ఉంటుంది. చలి మరీ ముదిరిన రోజుల్లో చికాగోలో జనం చలి కాచుకునే వార్మింగ్ సెంటర్లలో లైబ్రరీలు కూడా ఉంటాయి. ఇంట్లో హీటర్ పనిచేయనివాళ్లు వస్తారు, అసలు ఇల్లే లేనివాళ్లూ వస్తారు. పక్క కుర్చీలో అలాంటివాళ్లు కనిపిస్తే కంగారు పడకండి, ఆ వెచ్చదనం మీద మీకెంత హక్కుందో వాళ్లకీ అంతే ఉంది.

లోపలికి వెళ్లాక ఏదో ఒక బల్ల మీద సగం పేర్చిన జిగ్‌సా పజిల్ ఉందేమో చూడండి. చలికాలంలో చాలా లైబ్రరీలు పెడతాయి. వెయ్యి ముక్కలది, వచ్చినవాళ్లు కూర్చుని నాలుగు ముక్కలు పెట్టి లేచిపోతారు, దానికి ఇంగ్లీషు రానక్కర్లేదు. మా దగ్గర ఒక పోలిష్ పెద్దాయన, మన తెలుగు మామ్మగారు ఒకావిడ ఎదురెదురుగా కూర్చుని ఆకాశం మొత్తం పూర్తి చేశారు (నీలం ముక్కలన్నీ ఒకేలా ఉంటాయి, అసలు కష్టమంతా అక్కడే). వాళ్లిద్దరి మధ్య నడిచిన సంభాషణ అంతా "నో నో", "యెస్ యెస్"! కొంచెం అలవాటయ్యాక ఇంగ్లీష్ కాన్వర్సేషన్ సర్కిల్ ఎప్పుడని డెస్క్ దగ్గర అడగండి. అది క్లాసు కాదు, పరీక్షలుండవు, పదిమంది గుండ్రంగా కూర్చుని వంటల గురించో వాతావరణం గురించో వచ్చీరాని ఇంగ్లీషులో మాట్లాడుకోవడమే. మీవారిని కూడా లాక్కెళ్లండి, మగవాళ్లే ఎక్కువ మొహమాటపడతారు. అన్నట్టు, చెప్పులతో వెళ్లకండి, గుమ్మం దగ్గర కరిగిన మంచు, ఉప్పు కలిసి నేలంతా జారుతూ ఉంటుంది.

ప్రశ్న: మా పాపకి నాలుగేళ్లు. లైబ్రరీలో వింటర్ రీడింగ్ ఛాలెంజ్ అంటున్నారు. మేం ఇంట్లో తెలుగు కథల పుస్తకాలే చదివి వినిపిస్తాం, అవి లెక్కలోకి వస్తాయా? ఇండియా నుంచి తెచ్చుకున్నవి అయిపోయాయి, ఇక్కడ తెలుగు పుస్తకాలు దొరుకుతాయా? – ఒక నాన్న, టెక్సాస్

జవాబు: వస్తాయి. ఛాలెంజ్‌లో అడిగేది ఎన్ని నిమిషాలు చదివారు, ఎన్ని పుస్తకాలు చదివారు అనే. ఏ భాషలో అని మామూలుగా అడగరు, మీరు చదివి వినిపించినా పాప చదివినట్టే. చాలా లైబ్రరీలు బీన్‌స్టాక్ అనే యాప్‌లో రాసుకోమంటాయి, అందులో పుస్తకం పేరు తెలుగులోనే కొట్టినా ఫర్వాలేదు. మన దగ్గర నవంబర్ 14 నుంచి 20 దాకా గ్రంథాలయ వారోత్సవాలు చేసినట్టు ఇక్కడ వారంతో సరిపెట్టరు, నెలా రెండు నెలలు సాగదీస్తారు. పిల్లలు బయట ఆడుకోలేరు కదా మరి. స్కూల్లో చేరేలోపు వెయ్యి పుస్తకాలు అనే ఇంకో కార్యక్రమం కూడా ఉంటుంది, దాని గురించీ అడగండి. వెయ్యి అనగానే గుండె జారక్కర్లేదు, రోజుకు మూడు చొప్పున చదివితే ఏడాదిలో అయిపోతాయి, చదివిందే మళ్లీ చదివినా లెక్కే. నాలుగేళ్ల పిల్లలు ఎలాగూ అదే పుస్తకం పదిసార్లు చదివిస్తారు.

తెలుగు పుస్తకాల సంగతి కొంచెం పెద్ద కథ. మీ బ్రాంచిలో తెలుగు షెల్ఫ్ లేకపోతే లేవనుకుని వెనక్కి తిరగకండి, ఇంటర్‌లైబ్రరీ లోన్ కావాలని అడగండి. అంటే ఇంకో ఊరి లైబ్రరీ నుంచో యూనివర్సిటీ నుంచో మీ కోసం తెప్పిస్తారు. 1962 నుంచి లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ ఢిల్లీ ఆఫీసు, అమెరికా ఇండియాకు అమ్మిన గోధుమల తాలూకు రూపాయలతో మన భాషల పుస్తకాలు కొని ఇక్కడి యూనివర్సిటీలకు పంపింది. పీఎల్-480 అంటారు దాన్ని. ఆ పుణ్యాన మన ఊళ్లో ఎప్పుడో కనుమరుగైన తెలుగు నవలలు చికాగోలోనో మాడిసన్‌లోనో ర్యాకుల్లో భద్రంగా ఉన్నాయి. అయితే అవి ఎక్కువగా పెద్దవాళ్ల పుస్తకాలు. పిల్లల బొమ్మల పుస్తకాలకు ఇంకో దారి ఉంది: పుస్తకం కొనమని సూచించే ఫారం ప్రతి లైబ్రరీకీ దాదాపు ఉంటుంది, అందులో పేరు, ప్రచురణకర్త, ఐఎస్‌బీఎన్ (పుస్తకం వెనక అట్ట మీద ఉండే నంబరు) రాసివ్వండి. "తెలుగు పుస్తకాలు కొనండి" అని మోఘంగా రాస్తే మాకు ఏం కొనాలో తెలియదు. మీరొక్కరే కాకుండా మీ కాలనీలో నలుగురు రాస్తే ఆ బలమే వేరు.

ప్రశ్న: హెచ్-4 (డిపెండెంట్) వీసా మీద ఉన్నాను, వర్క్ పర్మిట్ లేదు. చలికాలమంతా ఖాళీ. లైబ్రరీలో వాలంటీర్‌గా చేయొచ్చా? ఏదైనా నేర్చుకోవచ్చా? – న్యూజెర్సీ నుంచి

జవాబు: నేర్చుకోవడానికి అడ్డేమీ లేదు. లింక్డిన్ లెర్నింగ్ లాంటి డబ్బు కట్టే కోర్సులు చాలా లైబ్రరీలు కార్డు ఉన్నవాళ్లకు ఉచితంగా ఇస్తాయి. మీ లైబ్రరీ వెబ్‌సైట్‌లో డేటాబేసులు అని ఎవరూ నొక్కని బటన్ ఒకటి ఉంటుంది, అందులో వెతకండి. వాలంటీర్ పని అయితే, ఎవరికీ జీతం ఇవ్వని, ఎప్పుడూ స్వచ్ఛందంగానే జరిగే పనికి మామూలుగా ఇబ్బంది ఉండదు. జీతం ఇచ్చి చేయించుకునే పనిని మీరు ఊరికే చేస్తే అక్కడే తేడా వస్తుంది. మొదలుపెట్టే ముందు మీవారి కంపెనీ లాయర్‌ని ఒకమాట అడగండి, నా మాట పట్టుకుని వెళ్లిపోకండి.

ప్రశ్న: ఫిబ్రవరి నుంచి లైబ్రరీలో ట్యాక్స్ ఉచితంగా ఫైల్ చేసిపెడతారట. మా సీపీఏకి (ట్యాక్స్ చూసే అకౌంటెంట్) వందల డాలర్లు పోస్తున్నాం, అక్కడికి వెళ్లొచ్చా? – డల్లాస్ దగ్గర నుంచి

జవాబు: చేసిపెట్టేది లైబ్రరీ కాదండీ, మేం గది మాత్రమే ఇస్తాం. చాలా చోట్ల కూర్చునేది ఏఏఆర్‌పీ అనే పెద్దవయసువాళ్ల సంఘం 1968 నుంచి నడుపుతున్న ట్యాక్స్-ఎయిడ్ వాలంటీర్లు. ఏప్రిల్ మధ్య దాకా ఉంటారు, వయసుతో, సభ్యత్వంతో పని లేదు. మీది ఉట్టి జీతం, కాస్త బ్యాంకు వడ్డీ అయితే హాయిగా వెళ్లండి. హైదరాబాద్‌లో ఫ్లాట్ అద్దె, ఇండియా మ్యూచువల్ ఫండ్లు, కంపెనీ షేర్లు అన్నీ ఉంటే వాళ్లు చేతులెత్తేస్తారు. ఇండియా అకౌంట్లన్నీ కలిపి ఏడాదిలో ఏ ఒక్క రోజైనా 10,000 డాలర్లు దాటితే ఎఫ్‌బార్ (విదేశీ అకౌంట్ల వివరాలు చెప్పే ఫారం) వేయాలి, అది ట్యాక్స్ రిటర్న్‌తో కాకుండా విడిగా వేసేది. దాని గురించి డెస్క్ దగ్గర మమ్మల్ని అడిగితే ఫారం ఎక్కడుందో చూపిస్తాం, సలహా మాత్రం చెప్పం, చెప్పకూడదు కూడా.

ప్రశ్న: సంక్రాంతికి మా తెలుగు ఆడవాళ్లం కలిసి లైబ్రరీలో బొమ్మల కొలువు పెట్టాలనుకుంటున్నాం. మన పండుగ కదా, ఒప్పుకుంటారా? – ఇలినాయ్

జవాబు: భేషుగ్గా ఒప్పుకుంటారు, కాకపోతే జనవరి మొదట్లో వెళ్లి అడిగితే లాభం లేదు. గుమ్మం పక్కన గాజు బీరువా ఉంటుంది చూడండి, అది నెలల ముందే బుక్ అయిపోతుంది. సంక్రాంతికి కావాలంటే దసరాకే అడిగి పెట్టుకోవాలి. మతం పేరు చెప్పి కాదంటారేమో అన్న భయం వద్దు. అమెరికన్ లైబ్రరీ అసోసియేషన్ 1939లో చేసుకున్న లైబ్రరీ హక్కుల పత్రంలోనే ఉంది, ప్రదర్శనకు చోటు, మీటింగ్ గది జనానికి ఇచ్చే లైబ్రరీ అడిగినవాళ్ల నమ్మకాలు చూడకుండా అందరికీ సమానంగా ఇవ్వాలని. అది చట్టమేమీ కాదు గానీ చాలా లైబ్రరీలు దాన్నే పట్టుకుని నడుస్తాయి. ఈసారికి బీరువా దొరక్కపోతే మీటింగ్ గది అడగండి. మామూలు షరతులు ఇవే: ఎవరైనా రావచ్చు, టికెట్ పెట్టకూడదు, చందాలు వసూలు చేయకూడదు.

కొలువు పెట్టేటప్పుడు ఒక్కో మెట్టుకీ ఇంగ్లీషులో చిన్న చీటీ పెట్టండి. కొండపల్లి బొమ్మ తెల్లపొణికి కర్రతో చేస్తారని, ఏటికొప్పాక బొమ్మకు లక్క రంగు వేస్తారని రాయండి. మా లైబ్రరీకి వచ్చేవాళ్లు అవే ఎక్కువసేపు నిలబడి చదువుతారు, దేవుళ్ల పేర్లు కాదు. పిల్లలకు నల్ల అట్టముక్క, సుద్దముక్క ఇచ్చి చుక్కలు పెట్టించి ముగ్గు వేయించండి, అరగంట కదలరు. దీపం, అగరువత్తి, కర్పూరం కుదరవు, బ్యాటరీ దీపాలు తెచ్చుకోండి. తినేవి పంచిపెట్టాలనుకుంటే ముందే అడగండి, ముఖ్యంగా నువ్వులుండల గురించి. 2023 జనవరి నుంచి నువ్వులు కూడా ఇక్కడ ప్రధాన ఎలర్జీ పదార్థాల జాబితాలో చేరాయి, వేరుశనగ అంతకుముందే ఉంది. పక్కన బోర్డు పెట్టకుండా నువ్వులుండ పిల్లల చేతిలో పెడితే పెద్ద గొడవైపోతుంది. గొబ్బెమ్మల సంగతి మాత్రం నన్ను అడక్కండి.

ప్రశ్న: మంచు తుఫానులో కారు తీయలేక పుస్తకం లేటైంది. పైగా దాని మీద పప్పు ఒలికి పసుపు మరక. ఎంత ఫైన్ పడుతుంది? – ఒక పాఠకురాలు

జవాబు: లేటుకు చాలా చోట్ల ఇప్పుడు ఫైనే లేదు, చికాగో 2019 అక్టోబర్‌లో, న్యూయార్క్ 2021లో ఎత్తేశాయి. వేరేవాళ్లు అడగకపోతే గడువు దానంతటదే పెరిగే పద్ధతి కూడా ఉంది. మరక వేరే సంగతి, డెస్క్ దగ్గరికి తెచ్చి చూపించండి. చిన్నదైతే "మరక ఉంది" అని రాసుకుని వదిలేస్తాం, పుస్తకం చదవడానికి పనికి రాకుండా పోతే ధర కట్టించుకుంటాం. గుట్టుగా బయటి డ్రాప్ బాక్సులో వేసేసి వెళ్తే ఎలాగూ తెలిసిపోతుంది, పసుపు మరక ఎవరింటిదో ఊహించడానికి మాకు పెద్ద తెలివితేటలు అక్కర్లేదు.

ప్రశ్న: మా లైబ్రరీలో జనవరిలో విత్తనాలు ఉచితంగా ఇస్తున్నారు. గడ్డకట్టే చలిలో విత్తనాలేంటి? గోంగూర దొరుకుతుందా? – మిషిగన్ నుంచి

జవాబు: సీడ్ లైబ్రరీ అంటారు దాన్ని. కొన్ని చోట్ల కంప్యూటర్లు రాకముందు పుస్తకాల వివరాలు రాసిన కార్డులు పెట్టుకున్న ఆ పాత చెక్క సొరుగుల్లోనే ఇప్పుడు విత్తనాల పొట్లాలు సర్ది ఉంటాయి, చూడటానికి భలే ఉంటుంది. జనవరి, ఫిబ్రవరిల్లో నేర్పేది వింటర్ సోయింగ్. పాల గ్యాలన్ డబ్బాను నడుముకు కోసి, పిడి వైపు కొంచెం అతుకు వదిలేసి, అడుగున చిల్లులు పెట్టి, నాలుగు అంగుళాల మట్టి వేసి, విత్తనాలు చల్లి, టేపు చుట్టి, మూత తీసేసి బయట మంచులోనే వదిలేయడం. పాలకూర, కొత్తిమీర ఆ చలికి తట్టుకుని వాటికి అనువైనప్పుడు మొలకెత్తుతాయి. మిల్క్‌వీడ్ లాంటి ఇక్కడి మొక్కల విత్తనాలకైతే ఆ చలే కావాలి.

గోంగూరను మాత్రం అలా పెట్టకండి, అది వేడి కోరుకునే మొక్క. ఏప్రిల్ మధ్యలో ఇంట్లో కిటికీ దగ్గర చిన్న కుండీల్లో మొలకెత్తించి, మే నెలాఖరుకు రాత్రి చలి పూర్తిగా తగ్గాక బయట నాటండి. సొరుగులో గోంగూర పొట్లం లేకపోతే తెలుగువాళ్లెవరినైనా అడగండి, మీ దగ్గర విత్తనాలు మిగిలితే లైబ్రరీకి ఇవ్వండి. పొట్లం మీద పేరు, ఏ ఏడాదివో రాయడం మర్చిపోకండి, పేరు లేని పొట్లాలు తీసుకోరు.