పాఠకుల ప్రశ్నలు: మధ్యధరా రాతి తీరంలో ఈతకు ఏ చోటు?

ఫ్రాన్స్‌లోని మార్సేయ్ నుంచి ఇటలీలోని చింక్వే తెర్రే దాకా సాగే రాతి తీరం గురించి వచ్చిన ప్రశ్నలకు ఈసారి జవాబులు.

ప్రశ్న: నీస్‌లో వారం రోజులు ఉంటాం. ఫోటోలు చూసి నాలుగైదు చోట్లు రాసుకున్నాం. ఏ రోజు ఎక్కడికి వెళ్లాలో ఎలా తేల్చుకోవాలి?

జవాబు: చోట్లు రాసుకోండి గానీ తేదీలు మాత్రం ముందే వేయకండి. ఇక్కడ ఏ రోజు చోటును ఆ రోజు గాలే తేలుస్తుంది. నిన్న అద్దంలా ఉన్న చిన్న అఖాతంలో ఇవాళ దిగడానికే వీలుండకపోవచ్చు. అదే సమయంలో కొండకొమ్ముకు అవతలి వైపు నీళ్లు కదలకుండా ఉంటాయి.

ముందురోజు రాత్రి వాతావరణ సూచనలో వేడి ఎంత అన్నది పక్కన పెట్టి గాలి ఏ దిక్కు నుంచి వస్తుందో, అలల ఎత్తు ఎంతో చూడండి. తూర్పు గాలి అయితే తూర్పుకు తెరుచుకున్న అఖాతాలన్నీ వదిలేయాలి. ఆ గాలి చాలా దూరం నీటి మీదుగా వస్తుంది కాబట్టి పెద్ద అలలు తెస్తుంది. గాలి ఆగాక కూడా ఆ అలలు వెంటనే తగ్గవు, కాబట్టి మర్నాడు కూడా నమ్మవద్దు. వాయవ్యం నుంచి వచ్చే మిస్త్రాల్ అనే గాలి మార్సేయ్, తూలోన్ వైపు విరుచుకుపడుతుంది. ఎస్తెరెల్ కొండలు దాటి నీస్ చేరేసరికి చాలావరకు బలం కోల్పోతుంది.

నీస్ పక్కనే ఉన్న కాప్ ఫెరా ద్వీపకల్పం దీనికి మంచి ఉదాహరణ. తూర్పు వైపు పలోమా, పడమటి వైపు పస్సాబ్ల్ బీచులున్నాయి. రెంటి మధ్య నడిచే దూరమే. తూర్పు గాలి వీస్తే పస్సాబ్ల్, పడమటి గాలి వీస్తే పలోమా. కారు లేనివారికి విల్‌ఫ్రాంష్-సుర్-మెర్ అన్నిటికన్నా సులువు, రైల్వే స్టేషన్ దిగువనే బీచ్.

ప్రశ్న: ఆరేళ్ల పాప ఉంది, నా భార్యకు ఈత రాదు. నీస్ ప్రధాన బీచ్ సరిపోతుందా?

జవాబు: సరిపోదండీ. నీస్ ఒడ్డంతా గులకరాళ్లే, పైగా నేల నిటారుగా దిగిపోతుంది. కొద్ది అడుగులు వేస్తే చాలు, పెద్దవాళ్లకే కాలు అందదు. అల ఎత్తు తక్కువగా కనిపించినా సరిగ్గా ఒడ్డు మీదే విరుగుతుంది. వెనక్కి పోయేటప్పుడు కాళ్ల కింది రాళ్లను లాక్కుపోతుంది కాబట్టి లేచి నిలబడే లోపే తర్వాతి అల వచ్చి పడుతుంది. పిల్లలూ పెద్దవయసు వాళ్లూ ఇబ్బంది పడేది లోతులో కన్నా ఈ ఒడ్డు అంచునే.

మీకు ఇసుక నేల, మెల్లగా పెరిగే లోతు, అలకు అడ్డుగోడ ఉన్న చోటు కావాలి. ఆంతీబ్ పాత ఊరిని ఆనుకుని గ్రావెట్ బీచ్ ఉంది. రేవు గోడ చాటున ఉండడంతో మామూలు రోజుల్లో నీళ్లు ప్రశాంతంగా ఉంటాయి. విల్‌ఫ్రాంష్‌లోని మరినియేర్ బీచ్‌లో ముతక ఇసుక, నేల లోపలికి బాగా చొచ్చుకొచ్చిన అఖాతం. ఇటలీ వైపు చింక్వే తెర్రేలోని అయిదు ఊళ్లలో పొడవైన ఇసుక బీచ్ ఉన్నది మోంతెరోస్సోకే. మనారోలాలో బండల మీద నుంచి నేరుగా లోతులోకి దిగాలి. ఈత రానివారికి అది కాదు.

ఒక సంగతి మీ భార్యగారికి తప్పక చెప్పండి. నీళ్లు ఎంత తేటగా ఉంటే లోతు కంటిని అంతగా మోసం చేస్తుంది. కాంతి వంగడం వల్ల నిటారుగా కిందికి చూసినా అసలు లోతులో నాలుగింట మూడు వంతులే కనిపిస్తుంది. ఛాతీ దాకా, అంటే 1.2 మీటర్లు అనిపించే నీళ్లు నిజానికి 1.6 మీటర్లు ఉంటాయి. ఏటవాలుగా చూస్తే ఇంకా తక్కువగా కనిపిస్తుంది. "ఇక్కడ కాలు అందుతుందిలే" అనుకుని బండ మీద నుంచి జారితే అందదు.

ఫ్రాన్స్‌లో లైఫ్‌గార్డులున్న బీచ్‌లో ఆకుపచ్చ జెండా ఉంటే ప్రమాదం కనిపించడం లేదని అర్థం. పసుపుకు జాగ్రత్త, ఎరుపుకు దిగకూడదు. ఊదా రంగు జెండా ఎగిరితే నీళ్లు కలుషితమై అయినా ఉండాలి, జెల్లీఫిష్ లాంటివి వచ్చి అయినా ఉండాలి. 2022 నుంచి కాపలా ఉన్న హద్దును పైన ఎరుపు, కింద పసుపు ఉన్న జెండాలతో చూపిస్తున్నారు. వాటి మధ్యే ఉండండి.

ప్రశ్న: బీచ్‌లో జనం ఎక్కువ. బండల మీద నుంచి దిగుదామంటే భయం. మంచి చోటును ఎలా గుర్తుపట్టాలి?

జవాబు: దిగడానికి కాదు, ఎక్కడానికి చోటు వెతకండి. దిగడం ఎక్కడి నుంచైనా అవుతుంది. చేతులు చల్లబడి, కాస్త అలిసిపోయి, అల తోస్తుండగా పైకి రావడమే అసలు పని. ఇనుప నిచ్చెన గానీ, సిమెంటు మెట్లు గానీ, పడవలు దించే వాలు గానీ ఉంటే చోటు మంచిదే. ఏమీ లేకపోతే నీటి మట్టానికి దగ్గరగా మోకాలు పెట్టి ఎక్కగలిగే వెడల్పాటి మెట్టులాంటి బండ కావాలి. ఎక్కే దారులు రెండుంటే ఇంకా మంచిది. ఒక్కటే ఉండి గాలి దిశ మారితే ఆ ఒక్కటీ మూసుకుపోయినట్టే.

సంచి దించగానే నీళ్లలోకి దూకకుండా పది నిమిషాలు కూర్చుని చూడండి. ఈ సముద్రంలో ఆటుపోట్లు చాలా తక్కువ, ఈ తీరంలో మామూలుగా ఒకటి రెండు జానలకు మించవు. కాబట్టి బండ మీద తడి ఎంత ఎత్తు దాకా ఉందో అంతవరకూ ఇవాళ అలలు వస్తున్నాయని అర్థం. బండ మీద నీరు మోకాలెత్తుకు మించి లేస్తూ పడుతూ ఉంటే ఆ చోటు వదిలేయండి. అలలు గుంపులుగా వస్తాయి. చిన్నవి కొన్ని, తర్వాత పెద్దవి కొన్ని, ఆ వెంటనే కాసేపు తెరిపి. పది నిమిషాలు చూస్తే ఆ లెక్క తెలుస్తుంది.

నీటి అంచున బండ మీద ముదురు రంగు పట్టీ ఒకటి కనిపిస్తుంది. అది నాచు. ఎండిన సున్నపురాయి గరుగ్గా ఉండి కాలికి పట్టు ఇస్తుంది, అదే రాయి ఆ పట్టీ దగ్గర సబ్బులా జారుతుంది. అక్కడ నిలబడి నడవకండి. పైన పొడిగా ఉన్నచోటే కూర్చుని, చేతులు ఆనించి, కూర్చున్నవారు కూర్చున్నట్టే జరుగుతూ తెరిపి సమయంలో జారిపోవాలి. మడమను పట్టి ఉంచే రబ్బరు చెప్పులు వేసుకోండి. హవాయి చెప్పులు మొదటి అలకే పోతాయి.

పైకి వచ్చేటప్పుడు బండకు రెండు మూడు మీటర్ల దూరంలో ఆగి, పెద్ద అలల గుంపు పోనివ్వండి. తర్వాత ఒక చిన్న అలతో పాటు లేచి మెట్టు మీద మోకాలు, రెండు చేతులు ఆనించి గట్టిగా పట్టుకోండి. అల వెనక్కి లాగేటప్పుడు కదలవద్దు. అది పోయాకే ఒక అడుగు పైకి వేయాలి. చాలామందికి మోచేతులు, మోకాళ్లు చీరుకుపోయేది అల లాగుతుండగా ఎక్కబోయినప్పుడే.

గాలి లేకపోయినా ఉన్నట్టుండి పెద్ద అలలు నాలుగైదు వస్తే కంగారు పడకండి. దూరంగా వెళ్లిన ఓడ లేపినవి అవి. ఓడ కనుమరుగైన కొన్ని నిమిషాలకు ఒడ్డు చేరతాయి, ఆ సమయంలో బండకు దూరంగా ఉండడమే మేలు.

దూకడం గురించి కూడా చాలామంది అడిగారు. గాగుల్స్ పెట్టుకుని ఈదుతూ వెళ్లి అడుగు చూడని చోట దూకవద్దు. బాగా ఎండలో పడుకుని లేచి ఒక్కసారిగా చన్నీళ్లలో పడవద్దు. ముందు మెడ, ఛాతీ తడుపుకుని ఊపిరి కుదుటపడ్డాక దిగండి. కొంచెం దూరం ఈదేవారు నడుముకు కట్టుకునే ముదురు నారింజ రంగు తేలే సంచి తీసుకోండి. తీరం నుంచి 300 మీటర్ల లోపు పడవల వేగం 5 నాట్లు (గంటకు దాదాపు 9 కిలోమీటర్లు) మించకూడదన్నది నియమం. అయినా నీటి మీద తేలే తల పడవ నడిపేవారికి కనబడదు.

ప్రశ్న: ఆగస్టులో మార్సేయ్ దగ్గర మొదటిరోజు వెచ్చటి నీళ్లు, రెండు రోజుల తర్వాత అదే చోట మంచులాంటి నీళ్లు. ఎండలో తేడా లేదు. కారణమేమిటి?

జవాబు: మిస్త్రాల్. అది ఒడ్డు నుంచి సముద్రం వైపు గట్టిగా వీస్తే పైనున్న వెచ్చటి నీరు దూరం జరిగిపోతుంది. ఆ ఖాళీలోకి లోతు నుంచి చల్లటి నీరు లేస్తుంది. 24 డిగ్రీలున్న నీరు ఒకటి రెండు రోజుల్లో 16 డిగ్రీలకు పడిపోవడం అక్కడ అరుదు కాదు. గాలి ఆగాక మళ్లీ వేడెక్కడానికి కొన్ని రోజులు పడుతుంది. ఆ రోజుల్లో ఈత ముఖ్యం అనుకుంటే రైలెక్కి నీస్, మాంతోన్ వైపు వెళ్లండి. వెచ్చటి నీళ్లే కావాలంటే జూన్ కన్నా సెప్టెంబరు మొదటి సగం మంచిది. వేసవంతా కాగిన సముద్రం అంత త్వరగా చల్లారదు.

ప్రశ్న: ఎండ కాగడానికి వెళితే మధ్యాహ్నం మూడింటికే నీడ పడిపోయింది. అలా ఎందుకు?

జవాబు: పడమటి వైపు కొండ ఉన్న చోటు ఎంచుకున్నారు. నీస్‌లో వేసవిలో సూర్యుడు నడినెత్తికి వచ్చేది పన్నెండింటికి కాదు, దాదాపు ఒకటిన్నరకు. అక్కడి నుంచి లెక్క వేసుకోవాలి. సూర్యుడు 30 డిగ్రీల ఎత్తుకు దిగేసరికి 50 మీటర్ల కొండ నీడ దాదాపు 87 మీటర్లు పరుచుకుంటుంది, అంటే చిన్న అఖాతమంతా. జులై మధ్యలో ఆ ఎత్తు సాయంత్రం ఆరు దాటాక వస్తుంది. సెప్టెంబరు మధ్యలో అయిదు కాకముందే వస్తుంది. కొండ ఇంకా ఎత్తుగా, మీకు దగ్గరగా ఉంటే నీడ ఇంకా ముందే పడుతుంది. పొద్దున వెళ్లేవారికి తూర్పు ముఖం, సాయంత్రం వెళ్లేవారికి పడమటి ముఖం. పిల్లలతో వెళ్లేవారికి మధ్యాహ్నం నీడపడే చోటే వరం.

లేత రంగు సున్నపురాయి, నీళ్లు రెండూ ఎండను తిప్పికొడతాయి కాబట్టి గొడుగు కింద కూడా చర్మం కమిలిపోతుంది. పెద్దవారికి ఒళ్లంతా రాయడానికి దాదాపు 35 మిల్లీలీటర్ల సన్‌స్క్రీన్ పడుతుంది. చాలామంది అందులో సగం కూడా రాయరు. రెండు గంటలకోసారి, ఈత నుంచి వచ్చిన ప్రతిసారీ మళ్లీ రాయాలి. పన్నెండు నుంచి మూడున్నర దాకా ఎండలో పడుకోకపోవడమే సరైన పని. బండ మీదికి పల్చటి తువ్వాలు చాలదు, మడతపెట్టే నురుగు చాప తీసుకోండి.

ప్రశ్న: నీళ్లు శుభ్రమో కాదో ఎలా తెలుస్తుంది? ఒడ్డున గోధుమరంగు ఆకులు గుట్టలుగా ఉన్నాయి, అది మురికేనా?

జవాబు: కాదు. ఆ రిబ్బన్ల లాంటి ఆకులు పొసిడోనియా అనే సముద్రపు మొక్కవి. అడుగున ఆ మొక్కల మైదానం బతికి ఉంటేనే ఒడ్డుకు ఆకులు వస్తాయి. అవి ఒడ్డును అలల కోత నుంచి కాపాడతాయి కూడా. నీళ్లలో నల్లగా కనిపించే మచ్చలు చాలాసార్లు బండలు కావు, ఆ మొక్కలే.

బీచ్ ప్రవేశం దగ్గర యూరోపియన్ యూనియన్ నియమం ప్రకారం నీటి నాణ్యత బోర్డు ఉంటుంది. ఉత్తమం, మంచిది, పర్వాలేదు, చెడ్డది అని నాలుగు తరగతులు. అయితే బోర్డు చెప్పేది కొన్ని సీజన్ల సగటు. నిన్న రాత్రి కుంభవృష్టి పడిందనుకోండి, ఏ తరగతి బీచ్ అయినా ఒకటి రెండు రోజులు ఆగండి. వాగు, కాలువ కలిసేచోటికి ఎప్పుడూ దూరంగా ఉండండి.

రాతి తీరానికే ప్రత్యేకమైన ఇబ్బంది ఇంకొకటుంది. గాలి లేని వేడి రోజుల్లో లోతు తక్కువ బండల మీద గోధుమరంగు జిగట పొర పట్టి, తాకితే ముక్కలుగా తేలితే అది ఆస్ట్రియోప్సిస్ అనే సూక్ష్మ శైవలం కావచ్చు. దాని తుంపర పీల్చినా జ్వరం, దగ్గు, ముక్కు కారడం వస్తాయి. 2005లో జెనోవాలో దాదాపు 200 మంది ఇలా వైద్యం చేయించుకున్నారు. పొర కనిపిస్తే ఒడ్డున కూడా కూర్చోకుండా వెళ్లిపోండి.

ప్రశ్న: జెల్లీఫిష్ కుడితే, సీ అర్చిన్ (బండలకు అంటుకుని ఉండే గుండ్రటి ముళ్ల జీవి) ముల్లు గుచ్చుకుంటే ఏం చేయాలి?

జవాబు: ఇక్కడ ఎక్కువగా కుట్టేది చిన్న ఊదారంగు జెల్లీఫిష్. సముద్రపు నీటితోనే కడగాలి. మంచినీళ్లు పోస్తే మిగిలిన విషపు కణాలు కూడా పేలతాయి. వెనిగర్ దీనికి పనికిరాదు. రుద్దకుండా కార్డు అంచుతో గానీ పట్టకారుతో గానీ చర్మానికి అంటిన దాని పోగులు తీసేయండి. ఊపిరి ఆడకపోయినా, ముఖం వాచినా అత్యవసర నంబరు 112కు ఫోన్ చేయండి.

సీ అర్చిన్ ముళ్లను పిండకుండా పట్టకారుతో నిటారుగా లాగాలి. కీలు దగ్గర లోతుగా దిగితే డాక్టరు చూడాల్సిందే. ఇసుకలో కాలికి ఒక్కసారిగా భరించలేని నొప్పి వస్తే అది వీవర్ చేప ముల్లు కావచ్చు. దాని విషం వేడికి విరిగిపోతుంది. చర్మం కాలని, తట్టుకోగలిగినంత వేడి నీళ్లలో అరగంటైనా పాదం ఉంచండి.

ప్రశ్న: బీచ్ పక్కన ప్రైవేటు విల్లాలు, కుర్చీలు అద్దెకిచ్చే క్లబ్బులు ఉన్నాయి. మేము అటు నడవొచ్చా?

జవాబు: నడవొచ్చు. ఫ్రాన్స్‌లో 1976 చట్టం ప్రకారం సముద్రం అంచున ఉన్న ప్రైవేటు స్థలాల్లో 3 మీటర్ల వెడల్పు దారి నడిచేవారికి వదలాలి. కాప్ ఫెరా, కాప్ దాంతీబ్ చుట్టూ నడవగలుగుతున్నది దీనివల్లే. సహజమైన బీచ్‌లలో 80 శాతం స్థలం క్లబ్బులకు ఇవ్వకుండా ఖాళీగా ఉంచాలి. ఇటలీలో "స్పియాజ్జా లీబెరా" అని బోర్డు ఉంటే ఉచితం. క్లబ్బుల ముందు కూడా నీటి అంచు వెంబడి నడవడానికి డబ్బు కట్టక్కర్లేదు, కానీ అక్కడ తువ్వాలు పరిస్తే ఒప్పుకోరు.

ప్రశ్న: ఫుల్ లెగ్గింగ్స్, పొడుగు చేతుల టీషర్టుతో ఈదితే అభ్యంతరం చెబుతారా?

జవాబు: సముద్రంలో చెప్పరు. ఒళ్లంతా కప్పే ఈత దుస్తులను నిషేధిస్తూ విల్‌నవ్-లూబే ఊరు ఇచ్చిన ఉత్తర్వును 2016 ఆగస్టు 26న ఫ్రాన్స్ అత్యున్నత పరిపాలనా న్యాయస్థానం నిలిపివేసింది. నూలువి మాత్రం వేసుకోకండి, తడిస్తే బరువెక్కి చేతులు లేవనివ్వవు. లైక్రా రకం బిగుతు దుస్తులు తీసుకోండి, ఎండ నుంచి కూడా కాపాడతాయి.

ప్రశ్న: జులైలో మార్సేయ్ కలాంక్‌లలో (సున్నపురాయి కొండల మధ్య ఇరుకైన అఖాతాలు) ఈదాలనుంది. నేరుగా వెళ్లొచ్చా?

జవాబు: వాటిలో ఒకటైన సుజితోన్‌కు నేరుగా వెళ్లలేరు. రద్దీకి నేల కోసుకుపోతుండడంతో కలాంక్‌ల జాతీయ ఉద్యానవనం 2022 నుంచి వేసవిలో రోజుకు 400 మందినే అనుమతిస్తోంది. ఆన్‌లైన్‌లో ముందుగా నమోదు చేసుకోవాలి, రుసుము లేదు. మిగతా కలాంక్‌లకు నమోదు అక్కర్లేదు. కానీ జూన్ 1 నుంచి సెప్టెంబరు 30 దాకా కార్చిచ్చు ముప్పును బట్టి ఏ రోజుకారోజు దారులు తెరుస్తారు, మూసేస్తారు. మర్నాటి సంగతి ముందురోజు సాయంత్రం ప్రకటిస్తారు, అది చూడకుండా బయల్దేరవద్దు. దారిలో నీళ్లు దొరకవు, నీడ తక్కువ. తలా రెండు లీటర్లు తప్పనిసరి. నడకకు బూట్లు, నీళ్లకు రబ్బరు చెప్పులు వేరువేరుగా పెట్టుకోండి. తిరుగు దారి ఎక్కుడు. అది సాయంత్రం చల్లబడ్డాక పడేలా చూసుకుని, చీకటి పడేలోపు రోడ్డు చేరేంత వ్యవధి ఉంచుకోండి.