ఐపీ (దివాలా పిటిషన్) పెడితే అప్పులన్నీ పోతాయా?

ప్రశ్న: విజయవాడ వన్‌టౌన్‌లో బట్టల కొట్టు పెట్టి నష్టపోయాను. నోట్ల మీద తెచ్చిన అప్పు 14 లక్షలు. బ్యాంకుకు 6 లక్షలు కట్టాలి. ఆ లోనుకు మా బావమరిది హామీ సంతకం పెట్టాడు. వడ్డీకిచ్చిన ఒకాయన దగ్గర నా ఖాళీ చెక్కులున్నాయి. కంకిపాడు దగ్గరి స్థలం మా ఆవిడ పేరున రాసేసి ఐపీ పెట్టమని అందరూ చెబుతున్నారు. పెట్టవచ్చా?

జవాబు: ఐపీ పెట్టవచ్చు. స్థలం మాత్రం రాయకండి. మీలాంటి నిజాయితీపరులు కూడా మునిగేది అక్కడే.

2016లో కొత్త దివాలా స్మృతి వచ్చినా, అందులో వ్యక్తులకు చెందిన భాగం కంపెనీల అప్పులకు హామీ ఉన్నవాళ్ల విషయంలోనే 2019 డిసెంబరు 1 నుంచి అమలవుతోంది. మీకు వర్తించేది 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్‌సాల్వెన్సీ చట్టం. దాని 53వ సెక్షన్ ప్రకారం, రాసిచ్చిన రెండేళ్లలోపు ఐపీ దాఖలై మీరు దివాలాదారుగా తేలితే ఆ గిఫ్టు దస్తావేజును కోర్టు రద్దు చేయవచ్చు. మోసపు ఉద్దేశంతో ఆస్తి దాచారని రుజువైతే ఏడాది దాకా జైలు. మీ ఆవిడనూ కోర్టు మెట్లెక్కించినవారవుతారు.

ఐపీ వేసి నోటీసులు పంపితే చాలు, అప్పులవాళ్లు కదలలేరని చాలామంది నమ్మకం. అది తప్పు. కోర్టు మిమ్మల్ని దివాలాదారుగా ప్రకటించాకే వాళ్లు కొత్త దావాకు కోర్టు అనుమతి తీసుకోవాలి. అప్పటి నుంచి మీ ఆస్తి కోర్టు లేదా రిసీవర్ (ఆస్తి చూసుకోవడానికి కోర్టు నియమించే వ్యక్తి) చేతిలోకి పోతుంది. అప్పు 500 రూపాయలుంటే చాలని చట్టంలో ఉంది కానీ, తీర్చే స్తోమత లేదని మీరు చూపాలి. కొట్టు లెక్కల పుస్తకాలు పారేయకండి. చేబదుళ్లతో సహా ప్రతి అప్పూ, ప్రతి ఆస్తీ పిటిషన్‌లో రాయండి.

చెక్కు బౌన్సు కేసు క్రిమినల్‌ది. ఐపీ దాన్ని ఆపదు. నోటీసు వస్తే జవాబివ్వకుండా ఊరుకోకండి.

దివాలాదారుగా ప్రకటించగానే అప్పులు రద్దు కావు. కోర్టు ఇచ్చిన గడువులో విముక్తి కోసం మళ్లీ దరఖాస్తు పెట్టాలి. పెట్టకపోతే ఆ ప్రకటనే రద్దవుతుంది. విముక్తి దొరికినా ప్రభుత్వ బాకీలు, మోసంతో చేసిన అప్పులు మిగిలే ఉంటాయి.

మీ విముక్తి మీ బావమరిదికి వర్తించదు. బ్యాంకు నేరుగా ఆయన్నే అడగవచ్చు. పిటిషన్ వేసేలోపే ఆయన్ని కూర్చోబెట్టి ఉన్నదున్నట్టు చెప్పండి. ఇద్దరూ కలిసి బ్యాంకుకు వెళ్లి వాయిదాల మీద రాజీకి ఒప్పుకుంటారేమో అడగండి. ఒప్పుకుంటే మిగిలిన నోట్ల సంగతి ఐపీ లేకుండానే తేలవచ్చు.